శ్రోతల సందేహాలు: పడగ్గదిలో పుట్టిన ‘నెబ్రాస్కా’

అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఒక్కడే కూర్చుని పాడి, ఇంట్లోనే క్యాసెట్ మీద రికార్డు చేసుకున్న ఆల్బమ్ ‘నెబ్రాస్కా’. 1982 సెప్టెంబరు 30న వచ్చింది. పది పాటలు, సుమారు నలభై నిమిషాలు. 2025లో దీని తయారీ మీద సినిమా వచ్చాక ఉత్తరాలు పెరిగాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: విడాకుల బాధలో చేసిన ఆల్బమ్ అని ఎక్కడో చదివాను. అంతకు ముందే పెద్ద విజయం చూసిన మనిషికి అంత దిగులెందుకు? – గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివినచోట రెండు ఆల్బమ్‌లు కలగలిసిపోయాయి. కాపురం బీటలు వారుతున్న రోజుల్లో వచ్చింది 1987 అక్టోబరు నాటి ‘టనెల్ ఆఫ్ లవ్’. నటి జూలియన్ ఫిలిప్స్‌తో పెళ్లి 1985 మేలో జరిగింది, 1988లో విడిపోయారు. ‘నెబ్రాస్కా’ నాటికి ఆయనకు పెళ్లే కాలేదు.

1980 అక్టోబరులో వచ్చిన ‘ద రివర్’ రెండు ఎల్పీల ఆల్బమ్. అమెరికాలో ఆల్బమ్‌ల స్థానాలు చెప్పే బిల్‌బోర్డ్ పట్టికలో ఆయనకు మొదటిసారి ఒకటో స్థానం తెచ్చింది. అందులోని ‘హంగ్రీ హార్ట్’ సింగిల్స్ పట్టికలో అయిదో స్థానం దాకా వెళ్లింది. దాదాపు ఏడాది పాటు ఊరూరా సాగిన కచేరీలు 1981 సెప్టెంబరులో సిన్సినాటీలో ముగిశాయి. రోజూ వేలమంది మధ్య గడిపినవాడు న్యూజెర్సీలో కోల్ట్స్ నెక్ అనే చోట ఒక అద్దె ఇంట్లో ఒంటరిగా దిగాడు. అప్పటికి వయసు 32. తను పెరిగిన ఫ్రీహోల్డ్ పక్కనే ఉంది. రాత్రిళ్లు కారేసుకుని చిన్నప్పుడు తాము ఉన్న ఇళ్ల ముందు నుంచి వెళ్లి వస్తుండేవాడు. తండ్రికి మానసిక జబ్బు, ఇంట్లో మాటల్లేని రోజులు... వీటి గురించి, తన డిప్రెషన్ గురించి 2016 నాటి ఆత్మకథలో దాచకుండా రాశాడు.

ఇక్కడ వరస గమనించాలి. పాటలు రికార్డయి, ఆల్బమ్ చేతికొచ్చాకే ఆయన కూలబడ్డాడు. స్నేహితుడితో కలిసి కారులో కాలిఫోర్నియా బయల్దేరి, దారిలో టెక్సస్‌లోని ఒక చిన్న ఊళ్లో జనం సంబరం చేసుకుంటుంటే చూస్తూ కుప్పకూలిపోయాడు. వైద్యుడి దగ్గరకు వెళ్లడం ఆ తర్వాతి సంగతి. బాధ తీరాక వెనక్కి తిరిగి చూసి రాసిన పాటలు కావివి. ఆ బాధకు పేరుందని తెలియకముందు రాసినవి. అందుకే వీటిలో ఓదార్పు లేదు.

సినిమా గురించి అడిగినవారికి: వారెన్ జేన్స్ 2023లో రాసిన పుస్తకం దానికి ఆధారం. స్కాట్ కూపర్ దర్శకుడు, జెరెమీ అలెన్ వైట్ నటించాడు. అందులోని ప్రియురాలి పాత్ర కల్పన. దాన్ని చూసి ప్రేమ విఫలమైతే పుట్టిన ఆల్బమ్ అనుకోవద్దు.

ప్రశ్న: నాకు అమెరికన్ ఉచ్చారణ సగమే పట్టుబడుతుంది. పది పాటలూ ఒకేలా వినిపించాయి. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? – కరీంనగర్

జవాబు: మొదటి పాటతో మొదలుపెట్టకండి. ముందు ‘అట్లాంటిక్ సిటీ’ వినండి. బాణీ తొందరగా పట్టుబడేది అదొక్కటే. న్యూజెర్సీలో జూదం చట్టబద్ధం కావాలని 1976లో ఓటేశారు, మొదటి కాసినో ఆ రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీ అనే ఊళ్లో 1978లో తెరిచారు, దాంతో పాటే ముఠా తగాదాలూ వచ్చాయి. పాట మొదటి వాక్యంలో ఫిలడెల్ఫియాలో ఇంటితో సహా పేల్చేసిన మనిషి నిజం మనిషే. ఫిల్ టెస్టా అనే ముఠా నాయకుడు, 1981 మార్చిలో చనిపోయాడు. ఆ వార్త తెలిస్తే, అప్పులపాలై ‘చిన్న పని’ ఒప్పుకున్న కుర్రాడి భయం అర్థమవుతుంది.

తర్వాత ‘హైవే పట్రోల్‌మన్’. అన్న పోలీసు, తమ్ముడు దారి తప్పినవాడు. అయిదు నిమిషాలకు పైగా సాగే కథ, గొంతు ఎక్కడా పెరగదు. సాహిత్యం కాగితం మీద చూసుకుంటూ వినాల్సింది ఇదొక్కటే. మిగతావి చెవితోనే అందుతాయి.

ఆ పైన మూడు పాటల్ని విడదీసి వరసగా వినండి: ‘మాన్షన్ ఆన్ ద హిల్’, ‘యూజ్డ్ కార్స్’, ‘మై ఫాదర్స్ హౌస్’. మూడూ పిల్లవాడి కళ్లతో చూసినవి, మూడింట్లోనూ తండ్రి ఉన్నాడు. ఆల్బమ్‌లో సొంత జీవితం నేరుగా కనిపించేది వీటిలోనే. మిగతావాళ్లంతా పరాయి మనుషులు. ‘జానీ 99’లో ఉద్యోగం పోయిన కార్మికుడు తాగి ఒకణ్ని కాలుస్తాడు, జడ్జి 98 ఏళ్లకు ఇంకొకటి కలిపి శిక్ష వేస్తాడు. న్యూజెర్సీలో మావా అనే ఊళ్లోని ఫోర్డ్ కార్ల కర్మాగారం 1980లో నిజంగానే మూతపడింది. మొదటి పాట ‘నెబ్రాస్కా’లో మాట్లాడేది చార్లెస్ స్టార్క్‌వెదర్. 19 ఏళ్ల కుర్రాడు, 14 ఏళ్ల కారిల్ ఆన్ ఫ్యూగేట్‌ను వెంటబెట్టుకుని 1958 జనవరిలో వరస హత్యలు చేశాడు. మొత్తం 11 మంది చనిపోయారు. టెరెన్స్ మాలిక్ తీసిన 1973 నాటి ‘బ్యాడ్‌ల్యాండ్స్’ సినిమా చూసి స్ప్రింగ్‌స్టీన్ దృష్టి ఆ కేసు మీదికి మళ్లింది. అంతటితో ఆగకుండా ఆ కేసు మీద పుస్తకం రాసిన విలేకరికి ఫోన్ చేసి వివరాలడిగాడు.

చెవికి దొరికే ఒక ఆనవాలు చెబుతాం. చాలా పాటల్లో ‘సర్’ అనే మాట పదేపదే వస్తుంది. అది మర్యాద కాదు, వాంగ్మూలం. కోర్టులోనో పోలీసు ముందో నిలబడి “అయ్యా, జరిగింది ఇదీ” అని చెబుతున్న గొంతు. హరికథలో దాసుగారు క్షణంలో పాత్రగా మారిపోవడం మనకు తెలిసిందే, కానీ మళ్లీ తనుగా బయటికొచ్చి పిట్టకథ చెబుతారు. ఈయన బయటికి రాడు. హంతకుడి గొంతులో దూరి తలుపేసుకుంటాడు. ఆల్బమ్ అంతర్ముఖమైంది ఆ దారిలోనే. తన దిగులు తన పేరుతో చెప్పుకుని ఉంటే ఇంత నిలబడేది కాదన్నది మా అభిప్రాయం.

‘స్టేట్ ట్రూపర్’ చివరికి అట్టేపెట్టండి. దాదాపు ఒకే గిటారు తీగ తంబురాలా మోగుతూ ఉంటుంది, గొంతు గుసగుసలాడుతూ ఉంటుంది. హెడ్‌ఫోన్లలో వినేవాళ్లు వాల్యూమ్ పెంచేస్తారు. చివర్లో హఠాత్తుగా కేకలున్నాయి. సగానికి తగ్గించుకుని వినండి.

ప్రశ్న: నిజంగా మామూలు టేప్ రికార్డర్ మీదే చేశారా? ఏ పరికరాలు, ఎలా వాడారు? – విశాఖపట్నం, ఖమ్మం, హ్యూస్టన్

జవాబు: మన ఇళ్లలో ఉండిన టూ-ఇన్-వన్ లాంటిది కాదు. టియాక్ కంపెనీ 1979లో తెచ్చిన మోడల్ 144 పోర్టాస్టూడియో. మిక్సరూ, నాలుగు ట్రాకుల (అంటే శబ్దం విడివిడిగా ఎక్కే నాలుగు వరసల) రికార్డరూ ఒకే పెట్టెలో. వాడే టేపు మాత్రం కొట్లో దొరికే క్యాసెట్టే. స్టూడియోలో గంటలకు గంటలు కూర్చుని పాటలు రాసుకోవడం ఖర్చుతో పని. ఏ పాట నిలుస్తుందో ఇంట్లోనే తేల్చుకుందామని గిటారు పనులు చూసే మైక్ బాట్లన్‌తో ఒక యంత్రం తెప్పించుకున్నాడు. అంటే మొదట ఇది ఆల్బమ్ కానే కాదు, బ్యాండుకు వినిపించాల్సిన నమూనా.

మామూలు స్టీరియో క్యాసెట్‌లో ఒక పక్క రెండు ట్రాకులు, తిప్పితే ఇంకో రెండు. పోర్టాస్టూడియో ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడుకుంటుంది, అందుకే దీనిలో క్యాసెట్ తిప్పడం ఉండదు. వేగం కూడా రెట్టింపు: సెకనుకు 1.875 అంగుళాల బదులు 3.75. టేపు ఎంత వేగంగా పరిగెడితే పై స్వరాలు అంత స్పష్టం, బుసబుస అంత తక్కువ. నష్టం కాలంలో. 60 నిమిషాల క్యాసెట్‌లో నికరంగా 15 నిమిషాలే పడుతుంది, 90దైతే ఇరవై రెండున్నర. దీనికి తోడు హిస్‌ను, అంటే ఆ బుసబుసను తగ్గించే డాల్బీ బీ అనే సర్క్యూట్. రికార్డు చేసేటప్పుడు మెల్లటి పై స్వరాలను పెంచి, వినేటప్పుడు మళ్లీ అంతే తగ్గిస్తుంది. ఆ నాలుగు ట్రాకుల టేపును ఇంట్లో డెక్‌లో పెడితే పాట సగం వేగంతో వినిపిస్తుంది, తిప్పి పెడితే మిగతా రెండు ట్రాకులు వెనక్కి వినిపిస్తాయి. అది టేపు పాడవడం కాదు.

మైకులు రెండు, రెండూ షూర్ ఎస్‌ఎం57. పని జరిగిన తీరు ఇది: కుర్చీలో కూర్చుని, ఒక మైకు గొంతుకు, ఒకటి గిటారుకు, పాడుతూ వాయిస్తూ రెండు ట్రాకుల మీద ఒకేసారి. మిగిలిన రెండు ట్రాకుల మీద ఆ పాటకు కావాల్సినంతే: రెండో గొంతు, హార్మోనికా, మాండలిన్, టాంబరీన్, ఇంకో గిటారు. ఏది పెట్టినా రెండే. పాటల్లో ఎక్కువ భాగం 1982 జనవరి మొదట్లోనే అయిపోయాయి. తర్వాత నాలుగు ట్రాకుల్నీ ఎకోప్లెక్స్ అనే టేపు ఎకో యంత్రం గుండా పంపి, రెండు ట్రాకులుగా ఒక పానసోనిక్ బూమ్‌బాక్స్‌లోకి ఎక్కించారు. ఆ బూమ్‌బాక్స్ అంతకు ముందు నీళ్లలో మునిగి, ఆరాక తిరిగి పలికింది. అందరూ పోర్టాస్టూడియో గురించి మాట్లాడతారు గానీ, మనం వింటున్న ఆల్బమ్ మాతృక ఆ నీళ్లలో తడిసిన పెట్టెలోంచి వచ్చిన క్యాసెట్టే. దాన్ని ఆయన డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకుని కొన్ని వారాలు తిరిగాడు.

ప్రశ్న: అంత గొప్ప బ్యాండు చేతిలో ఉంది, డబ్బుంది. స్టూడియోలో మళ్లీ ఎందుకు చేయలేదు? – విజయవాడ

జవాబు: చేశారు. 1982 వసంతంలో న్యూయార్క్ పవర్ స్టేషన్ స్టూడియోలో ఆయన సొంత బ్యాండు ‘ఈ స్ట్రీట్ బ్యాండ్’తో ఈ పాటలు వాయించారు. ఆయన ఒక్కడే మంచి మైకుల ముందు పాడీ చూశాడు. ఏదీ క్యాసెట్‌ను మించలేదు. బ్యాండుతో చేసినవి కొన్ని 2025 అక్టోబరులో బయటికొచ్చాయి గనక ఇప్పుడు మనమే పోల్చి చూసుకోవచ్చు. వాటిలో వాయిద్యం తప్పు ఏమీ లేదు. డ్రమ్ము పడగానే తాళం గట్టిపడుతుంది, గట్టిపడగానే వినేవాడికి ధైర్యం వస్తుంది. క్యాసెట్‌లో కథ చెప్పేవాడు ఊపిరి తీసుకున్నచోట లయ కొద్దిగా సాగి మళ్లీ అందుకుంటుంది, ముందు ఏమవుతుందో తెలియని బెదురు అక్కడే ఉంది.

అయితే బ్యాండుతో కుదిరినవీ ఉన్నాయి. అదే క్యాసెట్ మూటలో ‘బార్న్ ఇన్ ద యూఎస్ఏ’, ‘డౌన్‌బౌండ్ ట్రైన్’ కూడా ఉన్నాయి. స్టూడియోలో అవి ఊగిపోయాయి. 1984 జూన్‌లో ‘బార్న్ ఇన్ ద యూఎస్ఏ’ పేరుతోనే వచ్చిన ఆల్బమ్ నుంచి ఏడు సింగిల్స్ మొదటి పది స్థానాల్లోకి వెళ్లాయి. ఆయన అతి నెమ్మది ఆల్బమూ, అతి పెద్ద హిట్టూ ఒకే మూటలోంచి వచ్చాయి. ‘నెబ్రాస్కా’కు మాత్రం కచేరీలు లేవు, ఇంటర్వ్యూలు లేవు. ‘అట్లాంటిక్ సిటీ’ వీడియోలో కూడా ఆయన కనిపించడు. అయినా అమెరికా పట్టికలో మూడో స్థానం దాకా వచ్చింది.

ప్రశ్న: క్యాసెట్ నుంచి ఎల్పీ చేయడం అంత కష్టమైందని అంటారు. అందులో కష్టమేముంది? – హైదరాబాద్ నుంచి ఎల్పీలు సేకరించే పాఠకుడు

జవాబు: ఎల్పీ గాడిలో కుడి ఎడమ చానళ్లలో ఒకేలా ఉన్న శబ్దం సూదిని పక్కలకు ఊపుతుంది. రెంటికీ మధ్య ఉన్న తేడా సూదిని పైకీ కిందికీ ఊపుతుంది. కింది స్వరాల్లో ఆ తేడా ఎక్కువైతే గాడి ఒకచోట మరీ లోతు, ఒకచోట మరీ పైపైన పడుతుంది. పైపైన పడిన చోట సూది ఎగిరిపోతుంది.

మంచి స్టూడియో టేపులో ఈ తేడా ఇంజనీరు చేతిలో ఉంటుంది. క్యాసెట్‌లో ఉండదు. టేపు హెడ్డు నిలువు గీత టేపుకు సరిగ్గా 90 డిగ్రీల్లో లేకపోతే, దీన్ని అజిమత్ అంటారు, ఒక చానలు రెండోదాని కంటే రవ్వంత ముందో వెనకో పలుకుతుంది. రికార్డు చేసిన యంత్రంలోనే వింటే తెలియదు. ఇంకో యంత్రంలో పెట్టగానే పై స్వరాలు మూసుకుపోయి, రెండు చానళ్ల అలల పొందిక, అంటే ఫేజు, చెదురుతుంది. ఇంట్లో వాడే బూమ్‌బాక్స్‌లో మోటారు వేగం కూడా నిలకడగా ఉండదు. పైగా ధ్వని స్థాయి తక్కువ. దాన్ని పెంచితే హిస్ కూడా పెరుగుతుంది.

పేరున్న మాస్టరింగ్ ఇంజనీర్లు (టేపు నుంచి ఎల్పీకి మాతృక తయారుచేసేవాళ్లు) ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నించాక, అట్లాంటిక్ స్టూడియోలో డెన్నిస్ కింగ్ మామూలు కంటే తక్కువ స్థాయిలో గాడి కోస్తే నిలబడింది. మీ దగ్గరున్న ఎల్పీ మిగతావాటి కంటే మెల్లగా పలకడానికి కారణం ఇదే, సూది అరిగి కాదు. వాల్యూమ్ కాస్త పెంచుకోండి. కానీ దుమ్ము చప్పుళ్లు కూడా దాంతో పాటే పెరుగుతాయి, అందుకని వినే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌తో రెండు చుట్లు తుడవండి.

ప్రశ్న: నేను గిటారు వాయిస్తాను, తెలుగులో సొంత పాటలు రాసుకున్నాను. ఇలాగే ఇంట్లో ఒక చిన్న ఆల్బమ్ చేయాలని ఉంది. ఎలా? – తిరుపతి

జవాబు: ముందు ఒక హెచ్చరిక. యాప్‌లో దొరికే ‘క్యాసెట్ ఎఫెక్ట్’ జోలికి వెళ్లకండి. ఆయనకు హిస్ కావాలని రాలేదు, వదిలించుకోలేక ఉండిపోయింది. దాన్ని కొనుక్కుని అద్దుకుంటే పెళ్లిబట్టలకు కావాలని మరకేసుకున్నట్టుంటుంది. తీసుకోవాల్సింది ఆ పరిమితి: రెండు మైకులు, నాలుగు ట్రాకులు, అంతే.

కావాల్సినవి: డైనమిక్ మైకులు (ఎస్‌ఎం57 రకం) రెండు, మైకుల్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె, అంటే రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, ఏదైనా ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. డైనమిక్ మైకు అవుట్‌పుట్ తక్కువ. మెల్లగా పాడే గొంతుకు 50 నుంచి 60 డెసిబెళ్ల గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) కావాలి. చవక ఇంటర్‌ఫేస్‌లు అక్కడికొచ్చేసరికి బుసకొడతాయి. కొనే ముందు గెయిన్ చివరి దాకా తిప్పి, ఖాళీ మైకుతో విని చూడండి.

గది సంగతి. ఫ్యాను, ఫ్రిజ్, ఇన్వర్టర్ ఆపాలి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి, 50 హెర్ట్జ్ గుయ్యి చాలావరకు పోతుంది. బీరువా ఉన్న గదైతే కింది తీగ గట్టిగా మీటి చూడండి, తలుపు గిలగిలలాడుతుంది. మడిచిన కాగితం ఒకటి సందులో పెడితే ఆగుతుంది. దుప్పట్లు మైకు వెనక కట్టడం చాలామంది చేసే పొరపాటు. కార్డియాయిడ్ మైకు వినేది తన ముందున్న వైపు, అంటే మీ వీపు వెనక గోడ. దూది పరుపు నిలబెట్టాల్సింది అక్కడ. గోడలన్నిటికీ పల్చటి ఫోమ్ అంటిస్తే పై స్వరాలు చచ్చి, కింది గుమ్మనే మోత మిగులుతుంది.

గిటారు మైకు 12–14 ఫ్రెట్ల దగ్గరికి గురిపెట్టి 20–25 సెంటీమీటర్ల దూరంలో. గుండ్రటి రంధ్రం మీదికి పెడితే మోత తప్ప తీగ వినపడదు. గొంతు మైకు 10–15 సెంటీమీటర్లలో, నోటికి సూటిగా కాకుండా రవ్వంత పక్కకు. తెలుగులో ప, ఫ, భ లు ఊదుతాయి గనక ఒక పాప్ ఫిల్టర్ ఉండాలి. గొంతు మైకును కొద్దిగా పైకి, గిటారు మైకును కిందికి వంచండి. ఒకదాని వీపు రెండోదాని శబ్దం వైపు ఉండాలి. గిటారు మైకు గిటారుకు ఎంత దూరంలో ఉందో, నోటికి దానికి కనీసం మూడు రెట్ల దూరంలో ఉండేలా చూడండి. రెండూ కలిపి విన్నప్పుడు గొంతు డొల్లగా, ముక్కుతో పాడినట్టు ఉంటే ఫేజు తగాదా. సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాకు పోలారిటీ తిప్పి (అంటే దాని అలను తలకిందులు చేసి), ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. అప్పటికీ కుదరకపోతే మైకు రెండు అంగుళాలు జరపండి.

పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే చరణం ముందు పాడి, శిఖరం మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకోండి. తర్వాత దాన్ని ముట్టుకోవద్దు. గొంతూ గిటారూ విడివిడిగా రికార్డు చేయొద్దు, చెవిలో తాళం కొట్టే క్లిక్ ట్రాకు పెట్టొద్దు. ఇక్కడ రాజీ లేదు. మాటను బట్టి లయ కదలాలంటే రెండూ ఒక మనిషి నుంచి ఒకేసారి రావాలి. దీని మూల్యం ఏమిటంటే, ఒక మాట తప్పితే పాట మొత్తం మళ్లీ పాడాలి. అయిదు టేకులు దాటితే ఆ రోజుకు ఆపేయండి, ఆరో టేకు నుంచి సాధారణంగా జాగ్రత్త పెరిగి పాట తగ్గుతుంది.

మూడు, నాలుగు ట్రాకుల మీద చెరొక వస్తువు. ప్రతి పాటకూ రెండూ నింపాల్సిన పని లేదు. ‘స్టేట్ ట్రూపర్’లో ఏముందో గుర్తు తెచ్చుకోండి.

ఎకోకు ఒకే డిలే: 100 నుంచి 130 మిల్లీసెకన్లు, ఒకటి రెండు తిరుగుళ్లు, ఎకో వాటా 15–20 శాతం. తిరిగొచ్చే శబ్దంలో 200 హెర్ట్జ్ కింద, 4,000 హెర్ట్జ్ పైన కోసేయండి. లేకపోతే ‘స’, ‘చ’ లు రెండేసిసార్లు చిట్లుతాయి. నిమిషానికి 120 దెబ్బల వేగంలో 125 మిల్లీసెకన్లంటే సరిగ్గా పావు దెబ్బ. గిటారుకు కూడా అదే ఎకో ఇస్తే మీటు మీద మీటు పడి బురదవుతుంది. గొంతుకే ఇవ్వండి. చివరి మిక్స్ ఫేడర్లు చేత్తో కదుపుతూ ఒక్క ఊపులో దించండి. మర్నాడు చవక ఫోను స్పీకర్లో వినండి. అందులో మాటలు అర్థమైతే అయిపోయినట్టే.

ప్రశ్న: నేనే కొన్నాళ్లుగా బాగా కుంగిపోయి ఉన్నాను. ఇలాంటి ఆల్బమ్‌లు వింటే మంచిదా? – పేరు, ఊరు వద్దన్నారు

జవాబు: దీన్ని మందుగా వాడొద్దు. చేసినవాడికే మందు కాలేదని మొదటి జవాబులో చెప్పాం. ఆయన కోలుకోవడం మొదలైంది వైద్యుడి దగ్గర. విన్న తర్వాత నిద్ర పట్టకపోయినా, అదే పాట గంటల తరబడి తిరుగుతున్నా ఆపేయండి. 14416 టెలి మానస్, కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇవాళే చేయండి.

ప్రశ్న: ఇది నచ్చింది. తర్వాత ఏం వినాలి? – అనంతపురం

జవాబు: మూడు చాలు. జోనీ మిచెల్ ‘బ్లూ’, 1971. అపలాచియన్ డల్సిమర్ అనే చిన్న తంత్రీవాద్యం మీద కొన్ని పాటలు, ఇందులో తెర లేదు, అంతా ఆమె గొంతే. బాబ్ డిలన్ ‘బ్లడ్ ఆన్ ద ట్రాక్స్’, 1975 జనవరి. ఆయన దీనికి సరిగ్గా తిరగేసిన పని చేశాడు: న్యూయార్క్‌లో పూర్తయిన పదింటిలో అయిదు పాటల్ని చివరి నిమిషంలో మినియాపొలిస్‌లో వేరే వాద్యకారులతో మళ్లీ చేశాడు. మూడోది మార్విన్ గే ‘హియర్, మై డియర్’, 1978. విడాకుల ఒప్పందం ప్రకారం రాబడిలో వాటా మాజీ భార్యకు వెళ్లాల్సిన ఆల్బమ్, పాటలు చాలావరకు ఆ విడాకుల గురించే. వరసగా వినకండి, మధ్యలో వేరే ఏదైనా ఉండనివ్వండి.

ప్రశ్న: మా నాన్నగారు పాడిన క్యాసెట్ ఒకటుంది, ముప్పై ఏళ్ల నాటిది. కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. – రాజమహేంద్రవరం

జవాబు: మొదట క్యాసెట్ పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా చెరిగిపోదు. దొరికిన పాత టేప్ రికార్డర్లో వెంటనే పెట్టొద్దు. హెడ్డునూ, తిరిగే ఇనప కడ్డీనీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో తుడవండి. రబ్బరు రోలర్‌కు మాత్రం చుక్క సబ్బు కలిపిన నీళ్లు, ఎందుకంటే ఆల్కహాల్ రబ్బరును ఎండగొట్టి పగుళ్లు తెస్తుంది. వేరే క్యాసెట్ ఒకటి పది నిమిషాలు ఆడించి, టేపు నమలడం లేదని తేలాక మీది పెట్టండి. ముందు ఒకసారి చివరి దాకా ముందుకూ వెనక్కూ తిప్పితే అతుక్కున్న చుట్లు విడతాయి. లోపల హెడ్డుకు ఆనే స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటే శబ్దం మూగబోతుంది. అప్పుడు టేపు చక్రాలను స్క్రూలున్న వేరే మంచి క్యాసెట్ పెట్టెలోకి మార్చాలి.

ఇందాక చెప్పిన అజిమత్ మీకూ వర్తిస్తుంది. హెడ్డు పక్కన స్ప్రింగున్న స్క్రూ ఉంటుంది. రెండు చానళ్లనూ మోనోగా కలిపి వింటూ, దాన్ని గడియారంలో అయిదు నిమిషాలంత మేర అటూ ఇటూ తిప్పండి. నాన్నగారి ‘స’, ‘శ’ లు ఎక్కడ అన్నిటికంటే పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. డాల్బీ మీట ఆపి ఉంచండి. లైన్-అవుట్ నుంచి తీగ కలిపి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో వేవ్ ఫైలుగా, శిఖరం మైనస్ 6 దాటకుండా ఎక్కించండి.

గొంతు అసలు కంటే సన్నగానో బొంగురుగానో అనిపిస్తే వేగం తేడా. ఆ రోజు గదిలోని కరెంటు మోత టేపులో పడి ఉంటే, స్పెక్ట్రమ్‌లో అది 50 లేదా 100 హెర్ట్జ్ దగ్గర కనిపించాలి. 103 దగ్గర కనిపిస్తే టేపు 3 శాతం వేగంగా పోతోందని లెక్క, అంటే అర స్వరస్థానం. అయితే క్యాసెట్ తీసేసి ఖాళీ యంత్రం నుంచి కూడా ఒక నిమిషం రికార్డు చేసి చూడండి. అందులోనూ మోత ఉంటే అది మీ యంత్రానిది, దాన్ని కొలతకు వాడొద్దు. హార్మోనియం తోడుంటే నాన్నగారి శ్రుతి తెలిసినవారిని అడిగి సరిచూసుకోవచ్చు. వేగం సరిచేశాకే హిస్ తగ్గించే పని పెట్టుకోండి, అదీ నకలు మీద, అసలు ఫైలు మీద కాదు.